జవాబివ్వని చోట ఉత్తరం ఎలా వస్తుంది?

"ఈ కాలం పిల్లలకు ఒక్క మెయిల్ సరిగ్గా రాయడం రాదు." ఇంజనీరింగ్ కాలేజీ స్టాఫ్ రూముల్లో, క్యాంపస్ సెలక్షన్లకు వచ్చిన కంపెనీ వాళ్ళ ఉపన్యాసాల్లో, తల్లిదండ్రుల సమావేశాల్లో ఈ మాట వినబడుతూనే ఉంటుంది. కారణాలు సిద్ధంగా ఉంటాయి: ఇంగ్లీషు లేదు, మర్యాద తెలియదు, ఫోను పట్టుకుని పాడైపోయారు. మందు కూడా సిద్ధమే: క్యాంపస్ ఉద్యోగాల శిక్షణలో (సీఆర్‌టీ) రెండు గంటల క్లాసు, పది నమూనా మెయిళ్ళు, ఎలా మొదలుపెట్టాలో ఎలా ముగించాలో చెప్పే ఒక పీడీఎఫ్.

ఇంగ్లీషు పాఠాలు చెప్పి బతికేవాణ్ణి నేను. అయినా గట్టిగా అంటున్నాను: వీళ్ళు చెప్పే జబ్బు తప్పు, ఇచ్చే మందు ఇంకా తప్పు. మన విద్యార్థి మెయిల్ పనికిరాకుండా పోవడానికి ఇంగ్లీషు కారణం కాదు, వినయం తక్కువ కావడం అసలే కాదు. తనకేం కావాలి, చదివేవాళ్ళకు ఏం తెలిస్తే ఆ పని జరుగుతుంది అని ఆలోచించి అడిగే అవసరం వాడికి చదువులో ఎక్కడా కల్పించలేదు. ఎప్పుడైనా అడిగితే జవాబు ఇవ్వలేదు. ఇరవై ఏళ్ళొచ్చాక వాడికి రాయడం రాదని నలుగురిలో తిడుతున్నాం.

ఒక మెయిల్‌ను దగ్గరగా చూద్దాం. ఏ కాలేజీ ఎగ్జామ్ బ్రాంచి ఇన్‌బాక్స్ తెరిచినా ఇలాంటివి కనబడతాయి. సబ్జెక్ట్ గడి ఖాళీ. లోపల ఇంగ్లీషులో ఉన్నదాని సారం ఇది: "గౌరవనీయులైన సార్, నేను మీ కాలేజీ విద్యార్థిని. నా సర్టిఫికెట్ విషయంలో ఒక సమస్య వచ్చింది. దయచేసి పరిశీలించి తగిన చర్య తీసుకోవలసిందిగా వేడుకుంటున్నాను. ధన్యవాదాలతో, మీ విధేయుడు, సాయి."

వ్యాకరణం తీసుకుంటే ఇందులో ఒక్క తప్పు లేదు. మర్యాదకూ లోటు లేదు. నమూనాతో పోల్చి మార్కులు వేస్తే పదికి పది. ఇప్పుడు ఎగ్జామ్ బ్రాంచి క్లర్కు కుర్చీలో కూర్చుని చదవండి. ఏ సర్టిఫికెట్? ప్రొవిజనలా (పీసీ), కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమోనా, టీసీనా, ఒరిజినల్ డిగ్రీయా? సమస్య ఏమిటి? రాలేదా, పేరులో తప్పు పడిందా, పోగొట్టుకున్నాడా? ఎప్పటిలోగా కావాలి? అన్నిటికంటే ముందు, ఈ సాయి ఎవరు? ఒక్క బ్యాచ్‌లోనే ఆ పేరుతో ఎంతమంది ఉంటారో కాలేజీల్లో పనిచేసేవాళ్ళకు తెలుసు.

జేఎన్‌టీయూ విద్యార్థికి పది అక్షరాల హాల్ టికెట్ నంబరు ఉంటుంది. మొదటి రెండు అంకెలు చేరిన సంవత్సరం. తర్వాతి రెండు కాలేజీ కోడ్. ఆపైన 1ఏ ఉంటే రెగ్యులర్, 5ఏ ఉంటే డిప్లొమా చేసి నేరుగా రెండో సంవత్సరంలో చేరినవాళ్ళు. ఆ తర్వాత బ్రాంచి: 05 అంటే సీఎస్‌ఈ, 04 అంటే ఈసీఈ, 03 అంటే మెకానికల్. చివరి రెండూ వరుస సంఖ్య. ఈ పది అక్షరాలు చేతికిస్తే ఆ విద్యార్థి వివరాలన్నీ క్లర్కు ముందుకు వచ్చేస్తాయి. ఇవ్వకపోతే ఎంత చక్కని ఇంగ్లీషు రాసినా అతను చేయగలిగింది ఏమీ లేదు. నా కంటబడిన నమూనా మెయిళ్ళన్నిట్లో "గౌరవనీయులైన" అనే మాట ఉంది. హాల్ టికెట్ నంబరు రాయాలని చెప్పిన నమూనా మాత్రం వెతికితే గాని దొరకదు.

దీని పక్కన ఇంకో మెయిల్ పెట్టండి. లేటరల్ ఎంట్రీలో వచ్చిన కుర్రాడు రాసింది. పల్లెటూరి తెలుగు మీడియం బడిలో చదివి, పాలిటెక్నిక్ చేసి వచ్చాడు. వాక్యాల్లో భూతకాలం, వర్తమానం కలగాపులగం. స్పెల్లింగులూ తప్పే. కానీ సబ్జెక్ట్ గడిలో హాల్ టికెట్ నంబరు, దాని పక్కన "పీసీలో తండ్రి పేరు తప్పు" అని ఉంది. లోపల చెప్పిన విషయాలు ఇవి: పీసీలో నాన్న పేరులో ఒక అక్షరం మారింది, టెన్త్ మెమోలో సరిగ్గానే ఉంది, రెండూ స్కాన్ చేసి జతపరిచాను, బ్యాంకులో ఎడ్యుకేషన్ లోను కాగితాలు ఇవ్వడానికి వచ్చే నెల పదో తేదీ గడువు, దిద్దించుకోవాలంటే ఏ ఫారం నింపాలి, ఫీజు ఎంత కట్టాలి? అంతే. కింద పూర్తి పేరు, ఫోన్ నంబరు. ఈ రెండు మెయిళ్ళలో ఏది ముందు పరిష్కారమవుతుందో వేరే చెప్పాలా? సాఫ్ట్ స్కిల్స్ పరీక్ష పెడితే మార్కులు వచ్చేది మొదటిదానికి. ఆ పరీక్ష దేన్ని కొలుస్తోందో ఇక మీరే ఆలోచించండి.

ఇంగ్లీషే అడ్డమైతే తెలుగులో రాయమంటే బాగా రాయాలి కదా? నేను తరగతిలో ముందు తెలుగులోనే రాయిస్తాను. "మీ స్కాలర్‌షిప్ డబ్బులు పడలేదు, ఆఫీసుకు రాయండి" అంటే వచ్చే కాగితాల్లో చాలా వరకు అదే వరస: "నాకు స్కాలర్‌షిప్ రాలేదు, దయచేసి వచ్చేలా చూడగలరు." ఏ సంవత్సరానిది, దరఖాస్తు నంబరు ఎంత, బయోమెట్రిక్ వేశాడా లేదా, బ్యాంకు ఖాతాకు ఆధార్ జత అయిందా, పోర్టల్‌లో ఇప్పుడేం చూపిస్తోంది అనేవి ఏవీ ఉండవు. మాతృభాషలోనూ అదే ఖాళీ. పిల్లవాడికి ఈ సంగతులు తెలియవా అంటే తెలుసు. పక్క బెంచీలో స్నేహితుడు అడిగితే గడగడా చెబుతాడు. కాగితం మీద పెట్టేసరికి అవన్నీ మాయమై, మిగిలేది వేడుకోలు ఒక్కటే. కాగితం అంటే వేడుకోవడానికే అని వాడికి ఎక్కడో నూరిపోశారు.

ఎక్కడో ఏమిటి, బడిలోనే. లీవ్ లెటర్‌తో మొదలవుతుంది. జ్వరం వచ్చింది, రెండు రోజులు సెలవు ఇప్పించ ప్రార్థన. జ్వరం రాలేదు, సెలవు అక్కర్లేదు, హెడ్మాస్టరు ఆ ఉత్తరం చదవబోవడం లేదు. మార్కులు వేసేది ఊరు, తేదీ ఎక్కడ రాశాడు, సంబోధన ఉందా, చివర "ఇట్లు మీ విధేయుడు" ఉందా, కవరు గీసి అడ్రసు రాశాడా అన్నది చూసి. టెన్త్‌లో అదే, ఇంటర్‌లో అదే. బీటెక్ మూడో సంవత్సరం అడ్వాన్స్‌డ్ కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబ్‌కు వచ్చినా అదే: లేని కంపెనీలో లేని ఉద్యోగానికి, సీనియర్ రికార్డులోంచి దించిన కవర్ లెటర్. రికార్డు మీద సంతకం పడుతుంది, ఎక్స్‌టర్నల్ వైవా అయిపోతుంది. ఇన్నేళ్ళు ఉత్తరాలు రాసిన విద్యార్థికి ఒక్క ఉత్తరానికీ జవాబు రాలేదు. అవతల ఒక మనిషి కూర్చుని చదువుతాడనీ, చదివి ఏదో ఒకటి చేయాల్సి ఉంటుందనీ వాడికి అనుభవంలోకి రాలేదు. చదివే మనిషే లేని రాత ఎవరికైనా ఎలా అబ్బుతుంది?

1910లలో గిడుగు రామమూర్తి బడిపిల్లల వ్యాసరచన వాడుక భాషలో సాగనివ్వాలని పట్టుబట్టారు. జయంతి రామయ్య పంతులు వంటి పెద్దలు ఎదురు నిలిచారు. గిడుగు వాదం గెలిచిందని ఏటా ఆయన జయంతి రోజు ఆగస్టు 29న సభలు పెట్టుకుంటున్నాం. అర్జీల దగ్గర, ఉత్తరాల దగ్గర మాత్రం ఆయన గెలుపు ఇంకా మన బడి గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఎవరూ మాట్లాడని భాషలో, ఎవరూ నమ్మని వినయంతో రాస్తేనే గౌరవం అన్న ఊహ తెలుగులోంచి ఇంగ్లీషులోకి, పోస్టు కార్డులోంచి మెయిల్‌లోకి యథాతథంగా నడిచి వచ్చింది.

మర్యాద లేదన్న ఆరోపణ నాకు మరీ కష్టంగా ఉంటుంది. మన పిల్లల మెయిళ్ళలో వినయం తక్కువ కాదు, మోయలేనంత ఉంది. ఉదాహరణకు హాజరు సంగతి చూడండి. జేఎన్‌టీయూ నిబంధనల ప్రకారం 75 శాతం హాజరు ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే అనారోగ్యం వంటి సరైన కారణం, దానికి ఆధారం చూపించి, ఫీజు కట్టి కండోనేషన్ అడగవచ్చు. అంతకంటే తగ్గితే డిటెన్షన్. డెంగీతో ఆసుపత్రిలో పడుకుని 71 శాతం దగ్గర ఆగిపోయిన విద్యార్థి ఏం రాయాలి? హాల్ టికెట్ నంబరు, 71 శాతం అన్న అంకె, ఆసుపత్రిలో ఉన్న తేదీలు, జతపరిచిన డిశ్చార్జి సమ్మరీ, కండోనేషన్‌కు దరఖాస్తు చేస్తున్నానన్న ఒక్క వాక్యం. వాడు రాసేదేమిటి? మాది పేద కుటుంబం సార్, నాన్న కౌలుకు చేస్తాడు, నన్ను డిటెయిన్ చేస్తే నా జీవితం నాశనమవుతుంది, మీ కాళ్ళు పట్టుకుంటాను.

చదువుతుంటే కడుపు తరుక్కుపోతుంది. నిబంధన తనకు ఇచ్చిన దారిలో తలెత్తుకుని నడవాల్సినవాడు, ఆ దారి ఉందనే తెలియక ఒక మనిషి దయ మీద తన ఏడాదిని పెట్టేశాడు. ఆ మెయిల్ అందుకున్న అధికారి మంచివాడైతే పిలిచి చెబుతాడు. కాకపోతే "ఇప్పుడొచ్చి ఏడిస్తే ఏం లాభం" అంటాడు. ఇటువంటి వినయం వల్ల లాభపడేది ఎవరు? దరఖాస్తుకు లెక్క చెప్పాలి, వేడుకోలుకు చెప్పక్కర్లేదు. అందుకే వేడుకోలును మర్యాద అంటున్నవాళ్ళ మాట నేను ఒప్పుకోను.

నిజమైన అమర్యాద ఎక్కడుందో చెబుతాను. విభాగాధిపతి మహిళ అని తెలిసి కూడా, నమూనాలో ఉంది కదా అని "రెస్పెక్టెడ్ సర్" అని పంపడం అమర్యాద. చదివేవాళ్ళ పేరు స్పెల్లింగ్ ఒకసారి సరిచూసుకోకపోవడం అమర్యాద. పదిమంది చేసే పని ఒక్కడే చేస్తున్న క్లర్కును "మీ హాల్ టికెట్ నంబర్ ఎంత?" అని తిరుగు మెయిల్ రాయాల్సిన స్థితిలో పెట్టడం అమర్యాద. ఎదుటివాళ్ళ సమయం మీద గౌరవం ఉంటే అది వివరాల్లో కనబడుతుంది. సంబోధన సంగతి అంటారా? పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవడం మన ఇళ్ళలో లేదు, కాబట్టి ఇక్కడ సార్, మేడమ్ చాలు. అమెరికాలో ప్రొఫెసర్‌కు రాస్తే ప్రొఫెసర్ అన్న మాటకు ఇంటిపేరు కలిపితే చాలు. ఈ మాట చెప్పడానికి రెండు గంటల క్లాసు అక్కర్లేదు.

అమెరికా మాట ఎలాగూ వచ్చింది. ఎమ్మెస్‌కు వెళ్ళాలనుకునే మన పిల్లలు అక్కడి ప్రొఫెసర్లకు రాసే మెయిళ్ళు ఈ నమూనా చదువుకు పరాకాష్ఠ. "మీ ప్రతిష్ఠాత్మకమైన విశ్వవిద్యాలయంలో పరిశోధన చేయాలని నాకు ఎంతో ఆసక్తి" అని ఒకే ముక్క యాభై మందికి వెళుతుంది. ఒక్కోసారి ముందు పంపిన ప్రొఫెసర్ పేరు అలాగే ఉండిపోతుంది. ఆ ప్రొఫెసర్ చూసేది మూడు సంగతులు: నా పనిలో దేన్ని చదివావు, నువ్వు చేసింది ఏమిటి, నన్ను అడుగుతున్నది ఏమిటి. మూడింటికీ ఇందులో జవాబు లేదు. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ కన్సల్టెన్సీల్లో సిఫారసు లేఖలు కూడా అచ్చు పోసినట్టు తయారవుతాయన్నది అందరికీ తెలిసిన సంగతే. ఆ పిల్లలు బద్ధకస్థులా? తన ప్రాజెక్టులో తను ఏం చేశాడో సొంత మాటల్లో చెప్పమని నాలుగేళ్ళలో ఎవరూ అడగలేదు. అడగని దానికి జవాబు తయారుగా ఎలా ఉంటుంది?

అక్కడికి చేరాక నష్టం ఇంకా పెరుగుతుంది. ఎఫ్-1 వీసా మీద చదివే విద్యార్థి ఓపీటీకి, అంటే చదువయ్యాక అక్కడ పని చేసే అనుమతికి, కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల లోపు దరఖాస్తు చేయాలి. యూనివర్సిటీలో ఆ వ్యవహారం చూసే అధికారి సిఫారసు నమోదు చేశాక దరఖాస్తుకు 30 రోజులే గడువు. ఇలాంటి చోట "నాకు ఓపీటీ గురించి కొన్ని సందేహాలున్నాయి, దయచేసి సహాయం చేయగలరు" అని రాస్తే, "ఏ సందేహం?" అని జవాబు రావడానికే రోజులు పోతాయి. ఇంత ఖర్చు పెట్టి, ఇల్లు తాకట్టు పెట్టి పంపించిన పిల్లవాడి భవిష్యత్తు, తన ప్రశ్నను తేదీలతో సహా ఒక్క వాక్యంలో అడగడం వచ్చా రాదా అన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. "అడగనిదే అమ్మైనా పెట్టదు" అన్నారు మన పెద్దలు. అడగడం అనేదాన్ని ఇంత నిర్లక్ష్యం చేసిన చదువు ఇంకోటి ఉండదు.

నా వాదానికి ఎదురొచ్చే బలమైన ప్రశ్న ఒకటుంది. "ఇవన్నీ సరే, తప్పుల ఇంగ్లీషుతో దరఖాస్తు పంపితే హెచ్ఆర్ వాళ్ళు పక్కన పడేస్తారు కదా?" పడేస్తారు. ఉద్యోగానికి పంపే మెయిల్‌లో భాష దిద్దుకోవాల్సిందే. కంపెనీ పేరే తప్పు రాసినవాణ్ణి ఎవరు పిలుస్తారు? కానీ 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక తప్పుల్లేని ఇంగ్లీషు ఫోనున్న ప్రతి విద్యార్థికీ ఉచితంగా దొరుకుతోంది. ఇంగ్లీషే అసలు జబ్బు అయితే ఈపాటికి నయమైపోవాలి. నయమైందా? మెయిళ్ళు పొడుగయ్యాయి, అంతే. "ఈ మెయిల్ అందేసరికి మీరు క్షేమంగా ఉన్నారని ఆశిస్తున్నాను" అని మొదలై, మూడు పేరాలు మృదువుగా సాగి, చివరికి ఏ సర్టిఫికెట్ కావాలో చెప్పకుండానే ముగుస్తున్నాయి. "మీ పేరు ఇక్కడ రాయండి" అని యంత్రం పెట్టిన గడిని అలాగే వదిలేసి పంపినవీ వస్తున్నాయి. యంత్రానికి మీ హాల్ టికెట్ నంబరు తెలియదు, మీ బ్యాంకు గడువు తెలియదు. మీరు చెప్పకపోతే ఆ ఖాళీని అందమైన మాటలతో పూడ్చి ఇస్తుంది. ఇన్నాళ్ళూ మనం నేర్పిన నమూనా కూడా సరిగ్గా అదే చేసింది.

ఆ యంత్రాన్ని వాడొద్దని నేను చెప్పడం లేదు. ఎవరికి, ఏం కావాలి, ఎప్పటిలోగా, ఆధారం ఏది అని తెలుగులో నాలుగు ముక్కలు రాసుకున్నాక, దాన్ని ఇంగ్లీషు చేయమనో దిద్దమనో అడిగితే తప్పేముంది? ఆ నాలుగు ముక్కలు మనిషివి కావాలి. క్లాసులో నేర్పాల్సింది వాటినే.

ఇక అసలు సంగతికి వస్తాను. స్టాఫ్ రూముల్లో ఎవరూ ఎత్తని సంగతి ఇది: మన కాలేజీలు మెయిళ్ళకు జవాబు ఇవ్వవు. వెబ్‌సైట్ అడుగున ఒక మెయిల్ ఐడీ ఉంటుంది. అది ఎవరు తెరుస్తారో, అసలు తెరుస్తారో లేదో కాలేజీలో ఎవరూ చెప్పలేరు. రాసినవాళ్ళకు ఫోన్లో వచ్చే సమాధానం ఒక్కటే: "వచ్చి కలువు." బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న పూర్వ విద్యార్థి ఒక ట్రాన్స్‌క్రిప్ట్ కోసం సెలవు పెట్టి, రాత్రి బస్సెక్కి, పొద్దున్నే కాలేజీ మెట్ల మీద కూర్చుంటాడు. మెంటర్ సంతకం, హెచ్‌ఓడీ సంతకం, లైబ్రరీ నో డ్యూస్, అకౌంట్స్ నో డ్యూస్, చివర ప్రిన్సిపాల్. ఆయన మీటింగ్‌లో ఉంటే సాయంత్రం దాకా వరండాలో నిరీక్షణ. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి ఉంటే మళ్ళీ ఇంకో కథ. ఇన్ని చూసిన విద్యార్థి నేర్చుకునే పాఠం సూటిగా ఉంటుంది: రాస్తే పని జరగదు, ఎదురుగా నిలబడి బతిమాలితే జరుగుతుంది. రోజూ ఈ పాఠం చెబుతూ, మరోపక్క ప్రొఫెషనల్ మెయిల్ రైటింగ్ మీద వర్క్‌షాప్ పెడితే పిల్లలు దేన్ని నమ్మాలి?

జవాబు వస్తుందన్న నమ్మకం ఉన్న చోట మన జనం ఎంత బాగా రాస్తారో చూడాలంటే సమాచార హక్కు దరఖాస్తులు చదవండి. 2005 చట్టం 30 రోజుల్లో జవాబు ఇవ్వాలంది. దరఖాస్తు తెలుగులో ఇవ్వవచ్చంది. ఎందుకు అడుగుతున్నావో చెప్పక్కర్లేదంది. ఇంటర్‌తో చదువు ఆపేసిన రైతు కూడా "ఫలానా సర్వే నంబరులోని భూమికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు జరిగిన మ్యుటేషన్ ఉత్తర్వుల నకళ్ళు ఇవ్వగలరు" అని పంపుతాడు. అందులో వేడుకోలు లేదు, విధేయుడు లేడు. పత్రం పేరు, తేదీలు, చిరునామా, రుసుము రశీదు ఉన్నాయి. దాన్ని మించిన ప్రొఫెషనల్ మెయిల్ నేను చూడలేదు. ఆ రైతుకు ఎవరూ సాఫ్ట్ స్కిల్స్ నేర్పలేదు. జవాబు ఇచ్చి తీరాలన్న చట్టమే నేర్పింది. విద్యార్థులకూ ఆ చట్టం వర్తిస్తుంది. దిద్దిన జవాబు పత్రాన్ని చూసే హక్కు పరీక్ష రాసినవాళ్ళకు ఉందని సుప్రీంకోర్టు 2011 ఆగస్టులో సీబీఎస్‌ఈ కేసులో తీర్పు చెప్పింది. రీవాల్యుయేషన్‌కు డబ్బు కట్టే ముందు తన పేపర్ తాను చూసుకోవచ్చని మన క్యాంపస్‌లలో ఎంతమందికి చెప్పారు?

యూజీసీ 2023లో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారానికి నిబంధనలు తెచ్చింది. ప్రతి సంస్థలో కమిటీ ఉండాలి, ఆన్‌లైన్‌లో ఫిర్యాదు తీసుకోవాలి, కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి, అక్కడ న్యాయం జరగకపోతే పైన అంబుడ్స్‌పర్సన్ ఉండాలి. కాగితం మీద అన్నీ ఉన్నాయి. ఆ కమిటీకి మెయిల్ రాయడం ఎలాగో కమ్యూనికేషన్ ల్యాబ్‌లో పాఠంగా పెట్టిన కాలేజీ నాకు తగల్లేదు. లేని కంపెనీకి కవర్ లెటర్ మాత్రం ఏటా రాయిస్తూనే ఉన్నారు.

"మెయిల్ రోజులు పోయాయి, వాట్సాప్ ఉంది కదా" అనేవాళ్ళకు ఎక్కువ చెప్పను. గ్రూపులో అడ్మిన్లే మాట్లాడతారు, విద్యార్థి చదివి ఊరుకోవాలి. లెక్చరర్ సొంత నంబరుకు పంపిన మెసేజ్ ఆయన ఉద్యోగం మారగానే పోతుంది. ఎవరు, ఎప్పుడు, ఏం అడిగారో, ఏం జవాబు చెప్పారో రుజువు మిగలాలంటే మెయిలే దిక్కు. బలహీనుడికి ఆ రుజువు అవసరం ఇంకా ఎక్కువ.

క్లాసులో నిజంగా నేర్పాల్సినవి వేరే ఉన్నాయి. మొదటిది, మెయిల్ ఐడీ విద్యార్థి సొంతం కావాలి. ఈఏపీసెట్ దరఖాస్తు రోజున నెట్ సెంటర్ అతను చకచకా తెరిచి ఇచ్చిన జీమెయిల్‌తోనే డిగ్రీ దాకా వచ్చేవాళ్ళు పల్లెల నుంచి వచ్చిన పిల్లల్లో చాలామంది ఉన్నారు. పాస్‌వర్డ్ నెట్ సెంటర్ పుస్తకంలో ఉంటుంది. రికవరీ నంబరు నాన్న ఎప్పుడో మార్చేసిన సిమ్. ఆఫర్ లెటర్ ఆ ఇన్‌బాక్స్‌కు వస్తే తెరవడానికి దారి ఉండదు. మొదటి సంవత్సరం మొదటి వారంలోనే ప్రతి విద్యార్థి చేత పాస్‌వర్డ్, రికవరీ నంబరు మార్పించడం ఇంగ్లీషు వ్యాకరణం కంటే ముందు చేయాల్సిన పని.

రెండోది, మళ్ళీ అడగడం. మన పిల్లలు ఒకసారి రాసి, జవాబు రాకపోతే ఊరుకుంటారు. "మళ్ళీ రాస్తే సార్‌కి కోపం వస్తుందేమో" అన్న భయం. కోపం వస్తుందన్నది నిజమే అయితే ఆ తప్పు సార్‌ది. వారం ఆగి, అదే మెయిల్ కింద "పై విషయంలో మీ జవాబు కోసం చూస్తున్నాను, గడువు ఈ నెల 20" అని రాయడం ఏ రకంగానూ తలబిరుసు కాదు. కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా పాతదాని కిందే రాయాలనీ, పై అధికారిని సీసీలో ఎప్పుడు కలపాలో ఎప్పుడు కలపకూడదో కూడా చెప్పాలి. మొదటి మెయిల్‌లోనే ప్రిన్సిపాల్‌ను సీసీలో పెడితే క్లర్కు మీద ఫిర్యాదు చేసినట్టు. రెండు సార్లు జవాబు రాకపోయాక కలిపితే అది న్యాయం. మెయిల్ విద్యలో ఇంతకంటే ముఖ్యమైన పాఠం నాకు కనబడదు, దీన్ని ఏ నమూనా పీడీఎఫ్‌లోనూ చూడలేదు.

కాలేజీ యాజమాన్యాలను నేను అడిగేది ఒకటే. వచ్చే సెమిస్టర్ నుంచి ల్యాబ్ రికార్డులో ఉత్తరాలు రాయించడం మానండి. దాని బదులు ప్రతి విద్యార్థి తనకు నిజంగా అవసరమైన ఒక పని గురించి ఎగ్జామ్ బ్రాంచికో, అకౌంట్స్‌కో, స్కాలర్‌షిప్ సెక్షన్‌కో ఒక మెయిల్ రాయాలి. తెలుగులో రాసినా తీసుకోవాలి. ఆ సెక్షన్ ఏడు పనిదినాల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే విద్యార్థి అదే మెయిల్ కింద మళ్ళీ రాయాలి, ఈసారి పై అధికారిని కలపాలి. పని పూర్తయ్యే దాకా సాగిన ఆ ఉత్తర ప్రత్యుత్తరాలనే ప్రింట్ తీసి రికార్డులో పెట్టించి, ఎక్స్‌టర్నల్ ముందుంచి మార్కులు వేయించండి. ఏ సెక్షన్ ఎన్ని మెయిళ్ళకు జవాబు ఇచ్చిందో, ఎన్నింటికి ఇవ్వలేదో నెల నెలా నోటీసు బోర్డు మీద పెట్టండి.